ఊరి మాట, సర్కారు నిర్ణయం: పాలనా చట్టాల న్యాయవాది వృత్తి

న్యాయవాద వృత్తిలో ఒక శాఖ ఉంది. అందులో వాదికి ఎదురుగా నిలబడేది ఎప్పుడూ ప్రభుత్వమో, చట్టం పుట్టించిన సంస్థో. పంచాయతీ, పురపాలక సంఘం, విశ్వవిద్యాలయం, ఫీజుల కమిటీ, కాలుష్య నియంత్రణ మండలి, ఎన్నికల సంఘం అన్నీ ఆ కోవలోవే. లండన్‌లో ఈ పని చేసే బారిస్టర్లు ప్రజాన్యాయం, విద్యాన్యాయం, స్థానిక సంస్థల చట్టం అని మూడు పేర్లు కలిపి చెప్పుకుంటారు. తెలంగాణ హైకోర్టు కాజ్ లిస్టులో ఆ పేర్లు కనిపించవు. ప్రభుత్వ ప్లీడర్లను శాఖలవారీగా నియమించడం వల్ల పని మాత్రం అలాగే విడిపోయింది. పంచాయతీరాజ్‌కు ఒకరు, పురపాలక శాఖకు ఒకరు, పాఠశాల విద్యకు మరొకరు. సంగారెడ్డి జిల్లా గడ్డపోతారం వంటి ఊళ్లో ఈ మూడు చట్టాలూ ఒకే కుటుంబం మీద పనిచేస్తాయి. ఇంటి పన్ను, పిల్లవాడి బడి, బోరు నీళ్లు, పక్కనున్న మందుల కంపెనీ అనుమతి అన్నీ ఏదో ఒక కార్యాలయం ఉత్తర్వు మీద నడిచేవే. ఈ వ్యాజ్యాలన్నిటి అడుగున ఉండే ప్రశ్న ఒకటే: నిర్ణయం తీసుకునే ముందు ఎవరి మాట వినాలి, వినకపోతే అడిగే అర్హత ఎవరిది?

తెలుగు నేలకు బారిస్టర్ అనగానే గుర్తొచ్చేది టంగుటూరి ప్రకాశం. ఇంగ్లండుకు వెళ్లి బారిస్టర్ కాకముందే ఆయన రాజమహేంద్రవరంలో ప్లీడరు, ఆ ఊరి పురపాలక సంఘం అధ్యక్షుడు కూడా. 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు, జాతీయోద్యమం కోసం 1921లో ఆ వృత్తినే వదిలేశారు. పురపాలక సంఘం కుర్చీలో కూర్చున్న అనుభవం, పాలకుల నిర్ణయాన్ని కోర్టులో నిలదీసే చదువు ఒకే మనిషిలో కలవడం ఆ తరంలో అరుదైన సంగతి కాదు. తర్వాత 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం బారిస్టర్లు, వకీళ్లు, ప్లీడర్లు అనే తేడాలు చెరిపేసి అందరినీ అడ్వొకేట్లను చేసింది. ప్రావీణ్యాన్ని బట్టి న్యాయస్థానం ఇచ్చే సీనియర్ అడ్వొకేట్ హోదా ఒక్కటే మిగిలింది.

కొత్త వ్యవస్థలో ఈ శాఖకు తెలుగువారి నుంచి నమూనాగా చెప్పదగ్గ జీవితం పావని పరమేశ్వరరావుది. న్యాయలోకం ఆయన్ని పి.పి. రావు అనే పిలిచింది. 1933 జులై 1న ప్రకాశం జిల్లా మొగిలిచెర్లలో పుట్టారు, ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివారు, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు. 1967లో బార్‌లోకి వచ్చారు. 1976లో సుప్రీంకోర్టు సీనియర్ అడ్వొకేట్ హోదా ఇచ్చింది. 1991లో సుప్రీంకోర్టు బార్ అసోసియేషన్ అధ్యక్షులయ్యారు, 2006లో పద్మభూషణ్ అందుకున్నారు, 2017 సెప్టెంబరు 13న కన్నుమూశారు. ఉద్యోగుల సర్వీసు వివాదాలు, విద్యాసంస్థల కేసులు, రాజ్యాంగ వ్యాజ్యాలు ఆయన రంగాలు. తరగతి గది నుంచి కోర్టు హాలుకు వచ్చిన వ్యక్తి కావడం ఇక్కడ గమనించాల్సిన విషయం. ఈ శాఖలో గెలుపు సాక్షిని నిలదీసే చాతుర్యంతో రాదు, సాక్షులే అరుదు. చట్టం పాఠం, నియమం పాఠం, ఉత్తర్వు పాఠం మూడూ పక్కపక్కన పెట్టి ఎక్కడ పొసగలేదో చూపించగలగాలి. అది మంచి ఉపాధ్యాయుడికి చేతనైన పని.

ఆ పొసగనితనాన్ని పట్టుకునే పద్ధతిని దేశానికి నేర్పిన తీర్పుల్లో కొన్ని ఆంధ్ర బస్సు రూట్ల నుంచి పుట్టాయి. కృష్ణా జిల్లా ప్రైవేటు బస్సు సర్వీసులను ఆర్టీసీకి అప్పగించే పథకం మీద గుళ్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాళ్ల అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి. పథకాన్ని ఖాయం చేసింది ముఖ్యమంత్రి. 1958 నవంబరులో వచ్చిన మెజారిటీ తీర్పు జస్టిస్ కోకా సుబ్బారావుది. విన్నది ఒకరు, నిర్ణయించింది వేరొకరు అయితే ఆ వినడానికి అర్థం లేదని ఆయన తేల్చారు. వాదన వినిపించేవాడు ఎదుటివారి ముఖం చూస్తూ సందేహం తీర్చగలగాలి. కాగితం మీదికెక్కిన సారాంశం చదివి నిర్ణయించేవారికి ఆ అవకాశమే ఉండదు. తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా కూర్చుని విన్నారు. ఆయన పక్షపాతి అన్న వాదనను 1959లో అదే కోర్టు ఒప్పుకోలేదు. కర్నూలు జిల్లా రూట్ల వంతు వచ్చేసరికి కథ మరో మలుపు తిరిగింది. సి.ఎస్. రౌజీ కేసులో ముఖ్యమంత్రికి రాజకీయ కక్ష ఉందని ప్రమాణ పత్రంలో ఆరోపించారు. దాన్ని కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. ఖండించని ఆరోపణను కోర్టు పరిగణనలోకి తీసుకుంది. ఆ తీర్పు తర్వాత 1964లో అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పదవి వదులుకున్నారు. వృత్తిలో అడుగుపెట్టే జూనియర్లకు ఈ కేసు చెప్పే పాఠం చాలా సూటిగా ఉంటుంది. కౌంటర్ ఎవరు వేశారు, ఏ పేరాకు జవాబు చెప్పలేదు, సంతకం చేసిన అధికారికి ఆ విషయం సొంతంగా తెలుసా అన్నవి వెతకడంతోనే సగం వాదన తయారవుతుంది.

స్థానిక సంస్థల చట్టానికి ఇంతకంటే దగ్గరి కేసు గద్దె వెంకటేశ్వరరావుది. దాన్ని కాస్త నిదానంగా చెప్పుకోవాలి. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ధర్మాజీగూడెం ప్రజలు తమ ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రావాలని కమిటీ వేసుకున్నారు. పదివేల రూపాయలు చందా పోగుచేసి బ్లాక్ డెవలప్‌మెంట్ ఆఫీసరు దగ్గర జమ కట్టారు. పంచాయతీ సమితి మొదట ధర్మాజీగూడేనికే ఒప్పుకుంది. తర్వాత మనసు మార్చుకుని కేంద్రం లింగపాలెంలో పెట్టాలని తీర్మానించింది. ప్రభుత్వం 1962లో సమితి తీర్మానాన్ని పక్కకు నెట్టి ధర్మాజీగూడేనికి మొగ్గింది. 1963లో తన ఉత్తర్వును తానే పునస్సమీక్షించి మళ్లీ లింగపాలెం వైపు తిరిగింది. కమిటీ అధ్యక్షుడు వెంకటేశ్వరరావు రిట్ వేశారు. ఆయన సొంత ఆస్తి పోలేదు, సొంత ఉద్యోగం పోలేదు, ఏ అర్హతతో వచ్చారని ప్రభుత్వం అడిగింది. ఊరి తరఫున డబ్బు పోగుచేసి అప్పగించిన మనిషికి ఆ నిర్ణయం నష్టం చేసిందనీ, అందుకే రిట్ వేయవచ్చనీ సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజాప్రయోజన వ్యాజ్యం అన్న మాట ఇంకా వాడుకలోకి రాని కాలంలో, ఒక గ్రామ కమిటీకి న్యాయస్థానం తలుపు తెరిచిన తీర్పు అది.

అయినా వెంకటేశ్వరరావు గెలవలేదు. 1963 ఉత్తర్వు ధర్మాజీగూడేనికి నోటీసు ఇవ్వకుండా జారీ చేసింది, కాబట్టి తప్పే. దాన్ని కొట్టేస్తే 1962 ఉత్తర్వు తిరిగి లేస్తుంది. అది సమితికి నోటీసు ఇవ్వకుండా జారీ చేసింది, అదీ తప్పే. ఒక అక్రమాన్ని తీసేసి ఇంకో అక్రమానికి ప్రాణం పోయడానికి రిట్ లేదని కోర్టు తిరస్కరించింది. క్లయింటుకు ఈ సంగతి ముందే చెప్పగలిగినవాడే ఈ శాఖలో నమ్మదగ్గ న్యాయవాది. ఎదుటి ఉత్తర్వు కూలిన తర్వాత చేతికొచ్చేదేమిటో లెక్క చూడకుండా వకాలత్ మీద సంతకం పెట్టించడం ఊరికి మేలు కాదు.

విద్యారంగంలో తెలుగు రాష్ట్రం నుంచి వెళ్లిన పెద్ద కేసు ఉన్నికృష్ణన్. వృత్తి కళాశాలల్లో క్యాపిటేషన్ ఫీజుల చుట్టూ మొదలైన ఆ వ్యాజ్యంలో 1993 ఫిబ్రవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పద్నాలుగేళ్ల వయసు దాకా చదువు ప్రాథమిక హక్కు అని ప్రకటించి, ప్రైవేటు కళాశాలల సీట్లకు ప్రభుత్వ నియంత్రణలో ఒక పథకం గీసింది. 2002 అక్టోబరులో టి.ఎం.ఏ. పాయ్ తీర్పు ఆ పథకాన్ని తోసిపుచ్చింది గానీ బాలల హక్కు నిలిచింది. అదే ఏడాది 86వ సవరణ దాన్ని 21ఏ అధికరణంగా రాజ్యాంగంలో చేర్చింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు బడుల మొదటి తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన ఆ చట్టంలోదే. పారిశ్రామికవాడలో ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన కూలీల పిల్లలకు టీసీ లేకున్నా, వయసు ధ్రువపత్రం లేకున్నా బడిలో చేర్చుకోవాలన్న నిబంధనా అందులోదే. మొదటి దాని కోసం కోర్టుకు వెళ్లేవాళ్లున్నారు. రెండోదాన్ని పట్టుకుని వెళ్లేవాళ్లు దాదాపు లేరు. ఈ వృత్తిలో ఖాళీగా మిగిలిన చోటు ఇదే.

ఫీజుల విషయంలో హైదరాబాదు వాసవి ఇంజినీరింగ్ కళాశాల తల్లిదండ్రుల సంఘం 2019లో సుప్రీంకోర్టులో సాధించిన తీర్పు చదవదగ్గది. ఫీజుల నియంత్రణ కమిటీ ఖాయం చేసిన మొత్తాన్ని కళాశాల సవాలు చేస్తే హైకోర్టు తానే లెక్కలు వేసి ఎక్కువ ఫీజుకు ఒప్పుకుంది. ఆ పని కోర్టుది కాదని సుప్రీంకోర్టు సరిదిద్దింది. లెక్కలు చూసే నైపుణ్యం కమిటీకి ఉంటుంది. కమిటీ లెక్క తేల్చిన తీరు సక్రమంగా ఉందా లేదా అన్నదే కోర్టు చూడాలి. గుళ్లపల్లి నుంచి వాసవి దాకా అరవై ఏళ్ల దూరం ఉన్నా సూత్రం ఒకటే: నిర్ణయం తీసుకున్న దారిని పరీక్షించు, నిర్ణయాన్ని నువ్వు రాయకు.

స్థానికత మీద వ్యాజ్యాలు తెలంగాణలో ఎప్పటినుంచో ఉన్నాయి. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనల కాలం నుంచి 1973లో చేర్చిన 371డి అధికరణం మీదుగా, వైద్య కళాశాలల సీట్లకు నాలుగేళ్ల స్థానిక చదువు నియమాన్ని సుప్రీంకోర్టు సమర్థించిన 2025 సెప్టెంబరు తీర్పు దాకా అవి ఆగలేదు. ఆ చరిత్రకు వేరే ఉపన్యాసమే కావాలి.

స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చింది 73, 74 సవరణలు. పంచాయతీల సవరణ 1993 ఏప్రిల్ 24న, పురపాలక సంఘాలది అదే ఏడాది జూన్ 1న అమల్లోకి వచ్చాయి. తెలంగాణలో ఇప్పుడు నడిచేవి 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం. సర్పంచును సస్పెండ్ చేసే అధికారం కలెక్టరు చేతిలో ఉండటంతో ఏటా ఎన్నో రిట్లు అక్కడి నుంచే పుడతాయి. షోకాజ్ నోటీసులో ఆరోపణ స్పష్టంగా ఉందా, వివరణకు గడువిచ్చారా, ఉత్తర్వులో ఆ వివరణను చర్చించారా అన్న మూడు ప్రశ్నల మీదే అవి నిలుస్తాయి, పడిపోతాయి. ఎన్నికల విషయంలో 243ఓ అధికరణం కోర్టు జోక్యానికి అడ్డుకట్ట వేసింది. నోటిఫికేషన్ వెలువడ్డాక దారి ఎన్నికల పిటిషన్ ఒక్కటే. అందుకే వార్డుల విభజన మీద, రిజర్వేషన్ల మీద అభ్యంతరం ఉన్నవాళ్లు ముందే కదలాలి. 2025 సెప్టెంబరులో స్థానిక ఎన్నికల్లో బీసీలకు 42 శాతం కోటా ఇస్తూ వచ్చిన జీవో 9పై హైకోర్టు అక్టోబరులో స్టే ఇచ్చిన సందర్భంలో రోజులే కాదు, గంటలు కూడా లెక్కలోకి వచ్చాయి. ఎన్నికల సంఘం స్వతంత్రతను కోర్టు కాపాడిన సందర్భమూ ఉంది. ఆర్డినెన్సుతో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం కుదించి నిమ్మగడ్డ రమేశ్‌కుమార్‌ను తప్పించిన చర్యను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2020 మే 29న కొట్టేసింది.

గడ్డపోతారం పంచాయతీ నుంచి పురపాలక సంఘంగా మారింది. 2024 చివర చేసిన చట్ట సవరణతో రాష్ట్రంలో కొత్తగా ఏర్పడ్డ పన్నెండు మున్సిపాలిటీల్లో సంగారెడ్డి జిల్లావి నాలుగు: గడ్డపోతారం, గుమ్మడిదల, ఇస్నాపూర్, కోహీర్. ఇలాంటి మార్పుకు ముందు ఊరి మాట వినాలా? ఇక్కడ చట్టం ఊరికి అనుకూలంగా లేదు. ఉత్తరప్రదేశ్ తుల్సీపూర్ చక్కెర కర్మాగారం కేసులోనూ, మహారాష్ట్ర కళ్యాణ్ నగరపాలక సంస్థ ఏర్పాటు మీద వచ్చిన 1989 తీర్పులోనూ సుప్రీంకోర్టు ఒకే మాట చెప్పింది. ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించడం శాసన స్వభావం గల పని, అక్కడ సహజ న్యాయసూత్రాలు వర్తించవు. శాసనసభే చట్టం చేసినప్పుడు వాదన ఇంకా బలహీనపడుతుంది. నిజాయితీ ఉన్న న్యాయవాది ఆ రిట్ వేయవద్దనే సలహా ఇస్తాడు. మార్పు తర్వాత వచ్చే ప్రశ్నల మీద మాత్రం శ్రమ పెట్టడం దండగ కాదు. గ్రామీణ ఉపాధి హామీ పని పురపాలక ప్రాంతానికి వర్తించదు, దాని మీద బతికే ఆడవాళ్ల సంగతేమిటి? ఆస్తి పన్ను విలువ ఏ ప్రాతిపదికన కట్టారు? పంచాయతీ తీర్మానాలతో మొదలై సగంలో ఆగిన పనుల డబ్బు ఎక్కడికి వెళ్లింది? వీటన్నిటికీ జవాబు చెప్పాల్సిన అధికారులున్నారు, అడిగే మార్గమూ ఉంది.

పారిశ్రామికవాడల్లో మరో పొర కూడా ఉంటుంది. పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ అధీనంలోని ఎస్టేటుకు స్థానిక సంస్థ అధికారాలను ప్రభుత్వం అప్పగించగలదు. అలా అధికారాలు పొందిన సంస్థను ఐలా (ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ) అంటారు. అలాంటి చోట కర్మాగారాల ఆస్తి పన్ను ఐలాయే వసూలు చేస్తుంది, అందులో 35 శాతం స్థానిక సంస్థకు పంపాలి. మిగతా సొమ్ముతో ఎస్టేటు రోడ్లు, దీపాలు చూసుకుంటుంది. పొగ, వాసన, లారీల దుమ్ము ఊరి మీదికి వస్తుంటే పన్నులో పెద్ద వాటా ఎస్టేటులోనే ఆగిపోవడం న్యాయంగా కనిపించదు. ఎన్నికైన సభ్యులు లేని సంస్థ పన్ను వేయడం 74వ సవరణ ఆశయానికి ఎంత దగ్గరగా ఉందో కోర్టులు గట్టిగా పరిశీలించాల్సిన ప్రశ్న. 243క్యూ అధికరణంలోని పారిశ్రామిక టౌన్‌షిప్ మినహాయింపు, పురపాలక సేవలు పరిశ్రమే అందించే చోటికి ఉద్దేశించింది. దాన్ని ఎంత దూరం సాగదీయవచ్చన్న వాదన ఈ ప్రాంతం నుంచే బలంగా రావాలి.

ఈ ప్రాంతానికి దేశ న్యాయచరిత్రలో చోటిచ్చింది మాత్రం నీళ్ల కేసే. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం చుట్టూ రసాయన, ఔషధ పరిశ్రమలు పెరిగే కొద్దీ వాటి వ్యర్థజలాలు చెరువుల్లోకీ, నక్కవాగులోకీ, అక్కడి నుంచి మంజీరలోకీ చేరాయి. వాగు పక్క పొలాలు చౌడుబారాయి, బోర్ల నీళ్లు రంగు మారాయి. పటాన్‌చెరులో ఆస్పత్రి నడిపిన డాక్టర్ ఎ. కిషన్‌రావు ఈ పోరాటాన్ని ఏళ్ల తరబడి మోశారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ వేసింది. పంట నష్టపోయిన రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు ఆ వ్యాజ్యం ఉత్తర్వుల నుంచే వచ్చాయి. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి 2017లో ట్రిబ్యునల్ తీర్పు దాకా సాగింది. ఇరవై ఏడేళ్లు. ఆ మధ్యలో, 2007లో, స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం దాదాపు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన మొత్తం అది. శుద్ధి చేశాక వదిలిన నీటి సంగతి ఇది.

ఇలాంటి కేసులో న్యాయవాదికి ప్రత్యర్థి విజ్ఞానమే. ఏ శాంపిల్ ఎవరు తీశారు, ఏ ల్యాబ్‌లో, ఏ ప్రమాణంతో పోల్చారు అన్న వాదన తెమలదు. రుజువు చేసే బరువును ఎవరు మోయాలో 1999లో సుప్రీంకోర్టు ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో చెప్పింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల దాపున పెద్దషాపూర్‌లో నూనె కర్మాగారం పెట్టబోయిన సందర్భం అది. హాని జరగదని రుజువు చేయాల్సింది పరిశ్రమే అన్న ముందుజాగ్రత్త సూత్రాన్ని కోర్టు అక్కడ వివరంగా స్థిరపరిచింది. గడ్డపోతారం రైతు బావి నీటి శాంపిల్ పట్టుకుని తిరగనక్కర లేదని ఆ తీర్పుకు అర్థం. ఆచరణలో రైతే ఇప్పటికీ తిరుగుతున్నాడు.

వినిపించుకునే చోటు కూడా ఇక్కడ కుంచించుకుపోయింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు బహిరంగ విచారణ జరపాలి, దానికి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆమోదం పొందిన పారిశ్రామికవాడల లోపలి ప్రాజెక్టులకు మాత్రం ఆ విచారణ నుంచి మినహాయింపు ఉంది. కాలుష్యం అన్నిటికంటే ఎక్కువ పేరుకునే చోటే ఊరి నోరు మూతపడుతుందన్న మాట. కోవిడ్ కాలంలో 2020 మార్చిలో కేంద్రం బల్క్ డ్రగ్ ప్రాజెక్టులను తాత్కాలికంగా బీ2 కేటగిరీలోకి మార్చింది. ఆ కేటగిరీకి బహిరంగ విచారణే లేదు. ఒక్కో కర్మాగారాన్ని విడిగా చూసే పద్ధతి పోయి వాడ మొత్తం మోయగల భారాన్ని లెక్కగట్టే పద్ధతి వచ్చేదాకా ఈ మినహాయింపు ఊరికి అన్యాయమే.

వృత్తి ఎదుగుదల కూడా ఈ నేపథ్యంలోనే చూడాలి. న్యాయ కళాశాల తర్వాత సీనియర్ ఆఫీసులో కొన్నేళ్లు మెటీరియల్ పేపర్లు సర్దడం, ఉత్తర్వుల కాపీలు తేవడం, అత్యవసరమైతే లంచ్ మోషన్‌కు పరుగెత్తడం. ఆ తర్వాత చాలామందికి దొరికేది స్టాండింగ్ కౌన్సిల్ పదవి, అంటే మున్సిపాలిటీకో విశ్వవిద్యాలయానికో మండలికో శాశ్వత న్యాయవాదిగా ఉండటం. కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు, అది సరికాదు. ఉత్తర్వు జారీ కాకముందే కమిషనరుకు నోటీసు చాలదని, కారణాలు రాయలేదని చెప్పి ఆపగలిగేది స్టాండింగ్ కౌన్సిలే. కోర్టుకు రాకుండానే ఊరికి న్యాయం జరిగే సందర్భాలు అక్కడ ఉంటాయి. షరతు ఒకటే: సంస్థ తప్పు చేసినప్పుడు కౌంటర్‌లో దాన్ని కప్పిపుచ్చే పేరాలు రాయడానికి ఒప్పుకోకూడదు.

ఊరి తరఫున నిలబడే న్యాయవాదికి మొదట కావాల్సింది గడువుల జ్ఞానం. 2010 హరిత ట్రిబ్యునల్ చట్టం కింద పర్యావరణ వివాదాన్ని కారణం మొదట తలెత్తిన ఆరు నెలల్లో చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం ముందుకు తీసుకెళ్లాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజులు దొరుకుతాయి. పరిహారానికి ఐదేళ్లు. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు ముప్పై రోజులు, ఆ పైన అరవై. తొంభై దాటితే ట్రిబ్యునల్‌కే వినే అధికారం ఉండదు. అనుమతి ఉత్తర్వు మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, స్థానిక సంస్థ కార్యాలయంలోనూ ప్రదర్శించాలి. పంచాయతీ కార్యాలయం మున్సిపల్ కార్యాలయంగా మారిన గడ్డపోతారంలో ఆ కాగితం ఏ గోడ మీద, ఏ తేదీన అంటించారో రాసి పెట్టుకునే మనిషి ప్రతి వార్డులో ఒకరుండాలి. న్యాయవాది అఫిడవిట్ ఆ తేదీతోనే మొదలవుతుంది.